ఎర్ర గీత కింద కంది చేను

నిలబడి చేసిన ఉద్యోగం

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో నిలబడి వెళ్లాను. సీటు దొరకక కాదు. ఆ దారిలో తిరిగే కండక్టర్లందరూ నన్ను ఎరిగినవాళ్లే. "మేడం, ముందట సీటున్నది, కూసోన్రి" అని పిలిచేవాళ్లు. నాకు కూర్చోవడం చేతకాదు. క్లాసులో బెంచీల మధ్య తిరుగుతూనే పాఠం చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో నా కుర్చీ మీద ఎప్పుడూ ఎవరివో టిఫిన్ డబ్బాలు ఉండేవి. రిటైరై ఏడాదిన్నర అయింది. ఇప్పటికీ అన్నం నిలబడే తింటానని మా ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్తుంటాడు.

నేను చెప్పింది వృక్షశాస్త్రం. డిగ్రీ పిల్లలకు. కాలేజీ పేరు రాయను. ఇందులో వచ్చే తప్పులు నావి, దానివి కావు. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు అమ్మాయిలు ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ఏ అనుభవాలు రాయాలి? ట్రాన్స్‌ఫర్లు, ఇంక్రిమెంట్లు, పెన్షన్ కాగితాల కోసం తిరిగిన తిరుగుడు ఇవన్నీ మీకూ వస్తాయి, మీరే పడండి. నేను ఒక్క పిల్ల గురించి రాస్తాను. ఆ పిల్ల యూరప్ వెళ్లి చదువుకుంటోంది. ఆమెకు అక్కడ వచ్చిన కష్టానికి విత్తనం ఎల్లారెడ్డిలో నేను వేశాను. ఈ సంగతి కాగితం మీద పెడితే తప్ప నాకు నిలకడ లేదు.

మేడం నోట్స్

చేరిన కొత్తలో నేను పిల్లల్ని బయటికి తీసుకెళ్లేదాన్ని. కాలేజీ వెనకంతా పొలాలే. వేరు గురించి చెప్పాలంటే వేరు పీకి చూపించేదాన్ని. ఆకుమచ్చ గురించి చెప్పాలంటే మచ్చ పడిన ఆకు తెంపి చేతికిచ్చేదాన్ని. పిల్లలు ఇష్టంగా నేర్చుకున్నారు. ఆ ఏడాది పరీక్షల్లో సగం మంది తప్పారు. చెట్టు తెలిసింది గాని పేపరు మీద ఏం రాయాలో తెలియలేదు.

ప్రిన్సిపాల్ సారు నన్ను గదికి పిలిచారు. ఆయనది మెత్తని మాట, గట్టి పట్టు.

"మేడం, మీరు చెట్లు సూపెడుతున్నరు, మంచిదే. కని ఫేలైన ఆడపిల్లను మళ్ల కాలేజికి తోలరు. లగ్గం జేస్తరు. నోట్స్ చెప్పున్రి. పాసైతే ఇంకో ఏడాది సదువుకుంటది."

ఈ కథలో చెడ్డవాడు ఆయనే అని చెప్పి తప్పుకోవడం నాకు తేలిక. అలా చేయను. సాయంత్రం బస్టాండులో నిలబడి పిట్లం, బిచ్కుంద వైపు పోయే ఆడపిల్లలందరినీ బస్సెక్కించి గాని ఇంటికి వెళ్లని మనిషి ఆయన. చెప్పింది కూడా నిజమే. మరుసటి ఏడాది నోట్స్ చెప్పాను, పాసయ్యారు. వాళ్లలో ఎంతోమంది ఇప్పుడు టీచర్లు, నర్సులు.

తప్పు నోట్స్ చెప్పడంలో లేదు. వాటి మీద నాకు మోజు పెరగడంలో ఉంది. నా నోట్స్ ఎల్లారెడ్డి బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో దొరికేవి. "మేడం నోట్స్" అంటే చాలు, షాపు అతను కట్ట తీసి ఇచ్చేవాడు. ఎక్కడో జుక్కల్‌లో నేను మొహం కూడా చూడని పిల్లలు నా వాక్యాలు చదివేవాళ్లు. పేరు వస్తే మనిషికి కొమ్ములు మొలుస్తాయి. నాకూ మొలిచాయి. నా నోట్స్‌లో ఉన్న మాట కాక ఇంకో మాట రాస్తే మార్కు కోసేదాన్ని. "నాకన్నా ఎక్కువ తెలుసా నీకు?" అనేదాన్ని. ఎవరూ తెలుసు అనేవాళ్లు కాదు.

ఒకసారి నోట్స్ చెబుతుంటే వాన జల్లు లోపలికి కొట్టింది. మధ్యలో "కిటికీ మూయండి" అన్నాను. ఎవరో అది కూడా రాసుకున్నారు. ఆ పుస్తకమే జిరాక్స్ అయింది. ఆ ఏడు పరీక్షలో నలుగురు, పత్రహరితం కాంతిని గ్రహించును, కిటికీ మూయండి, అని రాశారు. స్టాఫ్ రూములో అందరం కడుపు పట్టుకుని నవ్వాం. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వాను. నలుగురు పిల్లలు తాము ఏం రాస్తున్నారో చూసుకోకుండా రాస్తున్నారంటే అందులో నవ్వాల్సింది ఏముందని ఆ రోజు నాకు తోచలేదు.

గంగామణి

గంగామణిది డోంగ్లి అవతల, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. తండ్రి హన్మాండ్లు రేగడి చేనులో కంది, సోయా వేస్తాడు. మేనత్త ఎల్లారెడ్డిలో ఉంటే ఆమె ఇంట్లో ఉండి డిగ్రీ చదివింది. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. ఒక్క ప్రశ్న అడిగేది కాదు. నోట్స్ మాత్రం కామా కూడా పోకుండా అప్పజెప్పేది. నాకు చాలా ఇష్టమైన విద్యార్థి. ఆమె పేపరు దిద్దుతుంటే నన్ను నేనే చదువుకుంటున్నట్టు ఉండేది, అందుకే అంత ఇష్టం.

చివరి ఏడాది ఒక స్లిప్ టెస్ట్ పెట్టాను. కందిలో ఎండు తెగులు గురించి: కారణం, లక్షణాలు, నివారణ. అప్పటికి ఇంగ్లీషు మీడియం వచ్చింది. గంగామణి మొదటి రెండూ నా నోట్స్‌లోంచి ఉన్నవి ఉన్నట్టు దింపింది. నివారణ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు వదిలేసి తెలుగులో ఒక పేరా రాసింది. తమ చేనులో ఒక పక్క వట్టి కంది, ఇంకో పక్క కంది సాళ్ల నడుమ జొన్న వేశారట. జొన్న ఉన్న పక్క మొక్కలు తక్కువ ఎండాయట. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు సాలు సాలూ తిరిగి లెక్కపెట్టిందట. జొన్న వేరుకూ ఈ తెగులుకూ ఏదో సంబంధం ఉండొచ్చు అని రాసి, పక్కన సాళ్ల బొమ్మ కూడా వేసింది.

నేను ఆ పేరా మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర గీత కొట్టాను. పక్కన "అడిగింది రాయి" అని రాశాను. పేపర్లు ఇచ్చేటప్పుడు క్లాసు ముందర, "ఏం గంగామణీ, ఇది స్లిప్ టెస్టా, మీ బాపుకు రాసిన ఉత్తరమా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వినట్టే కనిపించింది.

ఆమె రాసింది నిజమని నాకు తెలియదా? తెలుసు. నడుమ జొన్న వేస్తే కందికి ఎండు తెగులు తగ్గుతుందని పెద్ద పుస్తకాల్లోనే ఉంది. నా నోట్స్‌లో లేదు, అంతే. ఆ తర్వాత ఆ పిల్ల సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. దారిలో పడిందని నేను సంతోషించాను.

డిగ్రీ అయ్యాక హంగరీలో ఒక అంతర్జాతీయ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంది. మొక్కల తెగుళ్ల మీద రెండేళ్ల కోర్సు. నన్ను సిఫారసు ఉత్తరం అడిగింది. నా దృష్టిలో ఉన్న గొప్ప మెప్పుదలలన్నీ అందులో పెట్టాను. క్రమశిక్షణ గల పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, ఎదురు మాట్లాడదు. వాళ్లు ఆ ఉత్తరం చదివి ఏమనుకున్నారో తెలియదు గాని స్కాలర్‌షిప్‌తో సీటు ఇచ్చారు.

గుండ్రటి బల్ల

వారానికోసారి, మాకు మధ్యాహ్నం పూట ఫోన్ చేసేది. వాళ్లకు అప్పుడు పొద్దున. మొదట్లో అన్నీ వింతలే చెప్పేది.

"మేడం, మా వంటింట్ల నాలుగు దేశాలోళ్లం ఉన్నం. కెన్యా పిల్ల ఉగాలి అని జేస్తది, అచ్చం మన సంకటి లెక్కనే ఉన్నది. నేను రొట్టె కాలిస్తె పొగకు బిల్డింగంత గంట మోగింది. అందరు కోట్లు ఏసుకొని బయట నిలబడ్డరు. నా రొట్టెకు ఫైరింజను వచ్చింది మేడం!"

నవ్వేది. రెండో నెల నుంచి నవ్వు తగ్గింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. గురువారం గురువారం ఒక క్లాసు ఉంటుందట. బెంచీలు లేవు. గుండ్రటి బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుంటారు. పాఠం చెప్పే ఆవిడ పేరు మార్తా. ముందుగా ఒక పరిశోధన వ్యాసం చదవమని ఇస్తుంది. వచ్చినవాళ్లు అందులో ఏం బాగుందో, ఏం లేదో చెప్పాలి. చెప్పనివాళ్లకు మార్కులుండవు.

"పేరు పెట్టి పిలువుమంటది మేడం. నాకు నోరు తిరుగుతలేదు. ఏమనకుంటనే మాట్లాడుతున్న. గా వ్యాసం రాసినోళ్లు పెద్ద సైంటిస్టులు. వాళ్లది తప్పనెతందుకు నేనెవర్ని?"

ఆమె ఒక ఉపాయం పట్టింది. బుధవారమే ఒక ప్రశ్న తయారు చేసుకుని బట్టీ పట్టి వెళ్లేది. బల్ల చుట్టూ మాటలు తిరిగి ఆమె వంతు వచ్చేసరికి సంగతి ఎక్కడికో వెళ్లిపోయేది. "నా ప్రశ్న పాతగయిపోతది మేడం, మళ్ల నోరు మూసుకుంట" అంది. ఒకరోజు జార్జియా దేశపు పిల్లాడొకడు మార్తా మొహం మీదే, మీరు చెప్పింది సరికాదు అన్నాడట. వీడి పని అయిపోయిందని ఈ పిల్ల రోజంతా భయపడింది. చూస్తే ఆ వారం అతనికే ఎక్కువ మార్కులు.

నేను ఏం సలహా ఇచ్చాను? ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. "మాటలదేముంది బిడ్డా, రాతలో చూపెట్టు. మంచి పుస్తకాలు తీసి, ఉన్నది ఉన్నట్టు రాయి. నీకు తిరుగుండదు" అన్నాను. ఫోన్ పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, ఎంతో ధీమాగా అన్నాను.

పసుపు పూసిన పేజీలు

డిసెంబరులో ఒక సోమవారం ఫోన్ వచ్చింది. ఆమె ఎప్పుడూ చేసే వేళ కాదు. ఎత్తగానే ఏడుపు.

వేరు ద్వారా వచ్చే ఎండు తెగుళ్ల మీద వ్యాసం రాయమన్నారట. తనకు తెలిసిన సంగతే కదా అని సంబరపడి, లైబ్రరీలో మూడు మంచి పుస్తకాలు తెచ్చుకుని, రెండు వారాలు కూర్చుని రాసింది. నేను చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు రాసింది. ఏ మాట ఎవరిదో చెప్పలేదు. అలా చెప్పాలని మా దగ్గర ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు.

"పుస్తకాలతోని పోల్చి సూసే కంప్యూటర్ల ఏస్తె మూడు పేజీలు పసుపు రంగు అయినయి మేడం. పండుగకు గడపకు పూసినట్టు. ఒక్క లైను తెల్లగ లేదు. దొంగతనం అంటున్నరు. నేను దొంగతనం జెయ్యలె మేడం. ఒక్క అక్షరం గూడ తప్పు రాయలె."

వచ్చే మంగళవారం ముగ్గురు పెద్దల కమిటీ ముందు నిలబడాలి. తప్పు చేసిందని వాళ్లు తేలిస్తే సీటు పోతుంది, స్కాలర్‌షిప్ పోతుంది, పిల్ల ఇంటికి వచ్చేస్తుంది. ఎనిమిది రోజులున్నాయి. మార్తా ఒక దారి చెప్పిందట. నువ్వు సొంతంగా ఆలోచించగలవని నాకు అనిపిస్తోంది, ఇంతకు ముందు నీ అంతట నువ్వు రాసింది ఏదైనా ఉంటే తీసుకురా, కమిటీకి చూపిద్దాం అందట.

"మరి తీసుకపో" అన్నాను.

"నా దగ్గర నాది అన్నది ఏం లేదు మేడం. అన్ని మీయే."

ఆ మాట ఆమె నన్ను అనడానికి అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. అందుకే ఎక్కువ తగిలింది. ఫోన్ పెట్టేశాక కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మా ఆయన "జర కూసోరాదు, నువ్వు తిరిగితె ఆ పిల్లకేమొస్తది" అన్నాడు. డాబా ఎక్కి తిరిగాను. మూడో చుట్టులోనో నాలుగో చుట్టులోనో ఆ స్లిప్ టెస్ట్ గుర్తొచ్చింది. ముందు జొన్న సాళ్ల బొమ్మ గుర్తొచ్చింది, తర్వాత దాని మీద నా గీత.

వెంటనే ఫోన్ చేశాను. "గంగామణీ, మీ కంది చేను గురించి ఒకసారి రాసినవ్ గద, ఆ కాగితం ఉన్నదా?"

"మీరు కొట్టేసింది గద మేడం, అది పనికొస్తదా?" అంది. మళ్లీ తనే, "బాపు సందుగల ఉండొచ్చు. నా కాగితాలన్ని అండ్లనే ఏస్తడు" అంది.

డోంగ్లి దాటాక

హన్మాండ్లు దగ్గర ఉన్నది బటన్ల ఫోను, ఫొటో తీసి పంపడం కుదరదు. ఎవరినైనా పంపుదాం అన్నాడు మా ఆయన. నాకు ఆగే ఓపిక ఎక్కడిది? మంగళవారం పొద్దున్నే బస్సెక్కి బాన్సువాడ, అక్కడి నుంచి బిచ్కుంద. బిచ్కుంద బస్టాండులో సగం మాటలు మరాఠీ, సగం తెలుగు. ఆటో మాట్లాడుకుని డోంగ్లి దాటి వాళ్ల ఊరు చేరేసరికి మధ్యాహ్నం.

హన్మాండ్లు చేను దగ్గరే ఉన్నాడు. కంది కాయ మీద ఉంది. సాళ్ల నడుమ కోసేసిన జొన్న కొయ్యలు మిగిలి ఉన్నాయి. ఇన్నేళ్లు ఎండు తెగులు పాఠం చెప్పాను గాని, ఒక్క కంది చేను గట్టు మీదా ఇలా నిలబడి చూడలేదు. ఇటు వట్టి కందిలో అక్కడక్కడ మొక్కలు నిలువునా మాడి ఉన్నాయి. అటు జొన్న కొయ్యలున్న వైపు పచ్చగా ఉంది. మూడో బెంచీ పిల్ల రాసింది రాసినట్టుగా నా కళ్ల ముందే ఉంది.

"జొన్న ఎందుకేస్తరన్నా నడుమల?" అని అడిగాను.

"మా తాతల సంది ఏస్తున్నం మేడం. జొన్న తోడుంటె కంది బతుకుతది. ఎందుకంటె నాకెర్కలేదు. ఆ ఎందుకన్నది సదువెతందుకే గద మా బిడ్డ గంత దూరం వోయింది."

ఇంటికి తీసుకెళ్లి సందుగ తెరిచాడు. పట్టాదారు పుస్తకం, ఆధార్ కార్డులు, వాటి కింద గుడ్డలో చుట్టి బిడ్డ కాగితాలు. మార్కుల మెమోలు, సర్టిఫికెట్లు. మార్కులు తక్కువొచ్చిన ఒక స్లిప్ టెస్ట్ కాగితం వాటన్నిటికీ పైన ఉంది. నాలుగు మడతలు పెట్టి ఉంది.

విప్పాను. నా ఎర్ర ఇంకు ఇంకా అంతే ఎర్రగా ఉంది.

హన్మాండ్లు నా భుజం మీదుగా చూస్తూ, "గీ ఎర్ర గీత ఏంది మేడం?" అన్నాడు.

ఆయనకు చదువు రాదు. నేను ఏం చెప్పినా నమ్ముతాడు. "అదా... మేం చదివినట్టు గుర్తన్నా. చూసినంక అట్ల గీత కొడ్తం" అన్నాను. ఆయన తలాడించి ఛాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు. నేను ఛాయ్ తాగకుండానే, ఆటో ఆగదని చెప్పి బయటపడ్డాను. ఆటో అక్కడే ఉంది, డ్రైవరు బీడీ కాల్చుకుంటున్నాడు. దాదాపు అరవై ఏళ్లు వచ్చి, పాఠాలు చెప్పి బతికి, చదువు రాని మనిషికి అబద్ధం చెప్పాను. తిరుగు ప్రయాణంలో కండక్టరు సీటు చూపిస్తే ఎప్పటిలాగే వద్దన్నాను. ఈసారి కారణం వేరు.

నేను రాసిన ఉత్తరం

కాగితం ఫొటో ఆ సాయంత్రమే పంపాను. అంతటితో ఊరుకోలేదు. కమిటీకి నేను ఒక ఉత్తరం రాశాను. నాలుగుసార్లు కొట్టి రాశాను. ఈ అమ్మాయి చేసినది తప్పే గాని, తప్పని ఆమెకు తెలియదు. మాట మార్చకుండా రాయడమే మంచి విద్యార్థి లక్షణమని నేనే నేర్పాను. ఆమె తన కళ్లతో చూసి రాసినదాన్ని కొట్టేసింది కూడా నేనే. శిక్ష వేయాలంటే ఆ సంగతి తెలిసి వేయండి. ఇదీ దాని సారాంశం. రాస్తున్నప్పుడు అవమానంగానే ఉంది. కమిటీకి ఇవ్వమని గంగామణికి పంపాక మాత్రం ఎంతో గొప్ప పని చేసినట్టు అనిపించింది. నా ఉత్తరమే ఆ పిల్లను బయటపడేస్తుందని గట్టిగా నమ్మాను.

కమిటీ కూర్చునే మంగళవారం నేను వేసిన పోపు మాడింది, పెట్టిన పాలు పొంగాయి. సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది.

"ఉంటున్న మేడం! ఉండుమన్నరు!"

వ్యాసానికి సున్నా ఇచ్చారు. మందలింపు రికార్డులో ఉంటుంది. నెలలోపు మళ్లీ కొత్తగా రాసివ్వాలి. కాని సీటు ఉంది, స్కాలర్‌షిప్ ఉంది. నేను గోడ పట్టుకుని, "ఎట్లయింది చెప్పు, మొత్తం చెప్పు" అన్నాను.

ముగ్గురు పెద్దలు కూర్చున్నారట. స్లిప్ టెస్ట్ కాగితం ఫొటో బల్ల మీద పెట్టి, తెలుగులో ఉన్న పేరా ఏమిటో చెప్పమన్నారు. చెప్పింది. ఈ గీత ఎందుకు అని అడిగారు. అడిగింది రాయలేదని మా మేడం కొట్టారు అంది. వాళ్లలో ఒక ముసలాయన బొమ్మను దగ్గరగా చూసి, సాలుకూ సాలుకూ ఎంత దూరం, మొక్కలు ఎట్లా లెక్కపెట్టావు, ఏ సాలు నుంచి మొదలుపెట్టావు అని అడిగాడట.

"గప్పుడు నాకు భయం పోయింది మేడం. మా చేను సంగతి గద. ఆయన అడుగకముందే లేచి బోర్డు మీద గీసిన. వట్టి కంది గిటు, జొన్న గటు. ఆయన, గట్ల కాదు, నేల తేడా గూడ ఉండొచ్చు గద అన్నడు. కాదు సార్, రెండు దిక్కుల ఒకటే రేగడి, నేను సూసిన అన్న. అన్నంక యాదికొచ్చింది, ఎదురు మాట్లాడిన అని. ఆయన నవ్విండు."

"మరి నా ఉత్తరం సదివి ఏమన్నరు?" అన్నాను. ఇది అడగడానికే ఇంతసేపూ ఆగాను.

"ఉత్తరం పెట్టలేదు మేడం."

"పెట్టలేదా? నాలుగుసార్లు తిప్పి రాసిన!" గొంతు లేచింది. క్లాసులో లేచే గొంతు.

"సొంత మాటల్ల చెప్పుమన్నరు మేడం. మీ ఉత్తరం పెడితె మళ్ల మీ మాటలతోనే బయటవడ్డట్టయితది. ఏమనుకోకున్రి."

ఆ పిల్ల నన్ను కాదనడం అదే మొదలు. నాకు కోపం వచ్చింది, రాలేదని రాస్తే అది ఇంకో అబద్ధం. ఆ కోపంతోనే రెండు రోజులు తిరిగాను. మూడో రోజుకు కోపం పోయి సంతోషం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లలో నా దగ్గర చదివిన పిల్ల ఎవరూ నాకు ఇంత మంచి జవాబు చెప్పలేదు.

కొత్తగా చేరేవాళ్లు అడిగారు కాబట్టి ఇక్కడ ఒక మాట. నోట్స్ చెప్పండి. చెప్పకపోతే సగం మంది తప్పుతారు, తప్పిన ఆడపిల్లను మళ్లీ పంపరు, ఆ విషయంలో మా సారు చెప్పిందే నిజం. కాని నోట్స్‌లో లేనిది ఒక పిల్ల రాస్తే, పెన్ను పక్కన పెట్టి ఆ పిల్లను పిలిచి అడగండి. నేను చదవకుండా కొట్టలేదు. చదివి, నిజమని తెలిసి కొట్టాను. పొరపాటుకు మందుంది. దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు.

రెండోసారి

పిల్ల బయటపడింది. నేను బయటపడలేదు. చదివినట్టు గుర్తన్నా అన్న మాట నా వెంటే తిరిగింది. కూరగాయలు కొంటున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే. హన్మాండ్లుకు ఫోన్ చేసి చెప్పేయొచ్చు. రెండుసార్లు చేశాను కూడా. రెండుసార్లూ "బిడ్డ మంచిగున్నదన్నా" అని చెప్పి పెట్టేశాను. ఇది ఫోన్‌లో అయ్యే పని కాదు.

నెల దాటాక మళ్లీ బస్సెక్కాను. బాన్సువాడ, బిచ్కుంద, ఆటో. కంది కొట్టే రోజులు. చేను పక్కన చదును చేసిన నేల మీద కంది కట్టెలు పరిచి ఉన్నాయి. హన్మాండ్లు చాటతో తూర్పారబడుతున్నాడు. పొట్టు నా చీర మీదికి వచ్చింది. "దూరం నిలబడున్రి మేడం" అని చాట దించాడు.

వచ్చే దారిలో ఎన్నో రకాలుగా అనుకున్నాను. ఎదుట నిలబడ్డాక అవేవీ రాలేదు.

"అన్నా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పిన. ఆ ఎర్ర గీత చదివినట్టు గుర్తు గాదు. తప్పని కొట్టిన గీత. కొట్టింది నేనే."

ఆయన చాట కింద పెట్టి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఎర్కే మేడం."

"ఎరుకా?"

"బిడ్డ గప్పుడే జెప్పింది. ఏడ్సుకుంట వచ్చి గా కాగితం పొయ్యిల ఏయవోయింది. నేనే గుంజుకున్న. మొన్న మీరు వచ్చినప్పుడు, ఏమంటరో సూద్దామని అడిగిన."

ఆయన మొహంలో కోపం లేదు. అది ఉంటే నాకు తేలికయ్యేది.

"మరి ఎందుకు దాచినవన్నా, అంత పైలంగ? అన్నిటికన్న పైన?"

"రాసింది తప్పంటిరి. తప్పయితె మా చేను తప్పు గావాలె గద. పొద్దుమాపు నేను గీ చేన్లనే ఉంట. చేను తప్పు గాదని నాకెర్క. ఎప్పుడన్న ఎవలన్న అడుగుతరు, గప్పుడు సూపెడదామని దాసిన."

కళ్లలో నీళ్లొచ్చాయి, పొట్టు పడిందని కూడా చెప్పలేదు. ఆయన ఒక ఖాళీ గోనె సంచి తెచ్చి, దులిపి, కంది కుప్ప పక్కన పరిచాడు.

"ఎండల వడి వచ్చిన్రు. కూసోన్రి మేడం, ఛాయ్ తెప్పిస్త" అన్నాడు.

కూర్చున్నాను. బిచ్కుంద పోయే ఆటో వచ్చి, రెండుసార్లు హారన్ కొట్టి, వెళ్లిపోయింది. నేను లేవలేదు.